భాగ్యమును ఆరోగ్యమును

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటను ఒకమారు తిరుగవేసి చూతము. భాగ్యమే ఆరోగ్యమగునా? దేశము ధనవంతమైనచో రోగములు తమంత తామే తొలగిపోవునా? తొలగునని నమ్మువారు మనలో పెక్కురు కలరు. మరికొందరు ఇందుకు విరుద్ధముగా, నాగరికతయే సకలరోగములకు మూలమనియు, కొండలలోని గిరిజనులు మంచిగాలి పీల్చి, సెలయేటి నీరు త్రాగి, ఏ బాధయు నెరుగక బ్రతుకుచున్నారనియు చెప్పుదురు. ఈ రెండును ఇంట సుఖముగా కూర్చుండి చెప్పుకొను మాటలే. అరకులోయ వైపు ఒకమారు కన్నులు త్రిప్పినచో రెండును నిలువవు.

మన్యమనగానే వెనుకటి మైదానపు వారికి జ్వరము జ్ఞప్తికి వచ్చెడిది. ఆ నీరు త్రాగినవాడు మంచమెక్కునని చెప్పుకొనెడివారు. ఏజన్సీకి బదిలీ యనిన ఉద్యోగి యింట దిగులు పుట్టెడిది. నేరమును కొందరు నీటిపై మోపిరి. కొందరు అచటి జనుల అశుచిపై మోపిరి. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. తూర్పు కనుమలలో ఈ జ్వరమును మోయు దోమలలో ముఖ్యమైన జాతి యొకటి మురుగునీటిని కోరదు. తేటగా పారు గెడ్డల యంచులలోనే పెరుగును. మనము మెచ్చుకొను సెలయేరే జ్వరమునకు పుట్టినిల్లు! ఇందు గిరిజనుని తప్పేమి కలదు?

ఆ జ్వరము తరతరములుగా అచటి జనుల రక్తమునందే తన ముద్ర వేసినది. సికిల్ సెల్ అను రక్తదోషము తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే సంక్రమించినచో, శిశువును తీవ్రమైన మలేరియానుండి కాపాడును. ఇద్దరినుండియు సంక్రమించినచో, జీవితాంతము రక్తహీనతను, భరింపరాని నొప్పులను తెచ్చును. ఒక బిడ్డకు కవచమైనది వేరొక బిడ్డకు శూలమగుచున్నది. దీనిని 2047 నాటికి రూపుమాపవలెనని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన ఒక కార్యక్రమమును ఆరంభించినది.

ఇక ధనముయొక్క ప్రభావమును విచారింతము. దేశములు అభివృద్ధి చెందిన కొలది అంటురోగములు వెనుకబడి, గుండెజబ్బు, మధుమేహము వంటి దీర్ఘరోగములు ముందునకు వచ్చునని 1971లో అబ్దెల్ ఓమ్రాన్ అను పండితుడు సిద్ధాంతీకరించెను. ఇది చాలవరకు సత్యమే. కాని ఈ మార్పు ధనముచేతనే కలుగుననుట తగదు. 1947 నాటికి భారతదేశమున ఏటేట ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చెడిదనియు, 8 లక్షలమంది మరణించెడివారనియు అంచనా. 1953లో నివారణోద్యమము మొదలయ్యెను. మందు చల్లువారు ఇల్లిల్లు తిరిగిరి. 1961 నాటికి రోగుల సంఖ్య 50 వేలకు దిగెను. ఆ యెనిమిదేండ్లలో మన దేశము అలకాపురి కాలేదు గదా! మరల 1976లో ఆ సంఖ్య 64 లక్షలు దాటెను. దేశము అంతలో నిరుపేదయు కాలేదు. శ్రద్ధ సడలెను, దోమ మందునకు అలవాటుపడెను. మనకంటె ఎన్నో రెట్లు ధనమున్న దేశము కాకపోయినను, ఎన్నియో యెదురుదెబ్బలు తిని, శ్రీలంక 2016లో మలేరియారహిత దేశముగా గుర్తింపు పొందెను. రోగమును తరుమునది పూనిక. ధనము దాని చేతిలోని పనిముట్టు.

ఆ పనిముట్టు మన్యమున ఎట్లు ఉపయోగపడినదో చూడుడు. 1960 తరువాతి దశకమున కొత్తవలసనుండి కిరండూలునకు అరకులోయ మీదుగా ఇనుపదారి వేసిరి. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖపట్టణపు రేవునకు చేర్చి జపానునకు పంపుట దాని ముఖ్యోద్దేశము. అందులకై కొండల కడుపులు తొలిచి, 50కి మించిన సొరంగములు త్రవ్విరి. రాయి సముద్రము చేరుటకు కొండ దారి యిచ్చెను. కాని నేటికిని బాటలేని గూడెములనుండి ప్రసవవేదన పడు స్త్రీని బొంగునకు కట్టిన డోలీలో మోసికొని దిగువకు తెచ్చుచున్నారు. కొండను తొలువ నేర్చిన జాతికి కొండపై బాట వేయుట చేతకాదందుమా? చేతకాక కాదు, తలపునకు రాకపోవుటచేతనే.

భాగ్యము తెచ్చు కీడు మరియొకటి కలదు. దీనిని మైదానమున మనమే యనుభవించితిమి. గత శతాబ్ది తొలినాళ్లలో ఉత్తర సర్కారులలో బియ్యపు మరలు వెలసెను. దంపుడు బియ్యము మోటగను, తెల్లని మరబియ్యము నాగరికముగను తోచెను. తవుడుతోపాటు సారమంతయు పోగా, బెరిబెరి కాళ్లను చచ్చుపరచి, గుండెను క్రుంగదీసెను. నేడు కొండలపై చోళ్లు, సామలు తగ్గుచు తెల్లబియ్యము పెరుగుచున్నది. సంతలో చౌక నూనెలో వేచిన పొట్లములు వ్రేలాడుచున్నవి. 2023లో వెలువడిన యొక పరిశోధన దేశమున 10 కోట్లమందికి మధుమేహ మున్నదని తెల్పినది. ధనికుడు పాతరోగమును వదలి క్రొత్తరోగమును పట్టుకొనును. చేత వైద్యమును ఉండును. గిరిజనునకు పాతజ్వరము వదలకమునుపే క్రొత్తరోగము గడప త్రొక్కుచున్నది. సంపదలో వంతు రాలేదు గాని, సంపద తెచ్చు వ్యాధిలో వంతు వచ్చినది!

అట్లని అభివృద్ధి వలదనుట క్రూరత్వము. కాఫీతోటలు ఆ లోయలో ఎన్నో కుటుంబములకు రొక్కము నిచ్చుచున్నవి. బాట, బడి, వైద్యశాల లేని పవిత్రజీవనమును మన బిడ్డలకు కోరము. పరుల బిడ్డలకు కోరుట ఏపాటి ధర్మము? ఐశ్వర్యమును ఎంత పోగైనదో చూచి కొలువరాదు. జ్వరము తగిలిన పసిబిడ్డ యెన్ని గడియలలో మందు చేరునో చూచి కొలువవలెను.

సోదరీమణులారా, సోదరులారా! అరకు కాఫీ మన యిండ్లలో పరిమళించుచున్నది. సెలవులలో అద్దాల రైలుపెట్టెలో కూర్చుండి ఆ లోయ యందమును చూచి వచ్చుచున్నాము. ఆ సొరంగములపైని కొండలలో డోలీ మోయు భుజములును కలవు. వారికి బాటయు, మందును, తగిన ఆహారమును సమకూర్చుటను మనము దానమనుకొనుచున్నాము. దారి యిచ్చినవారికి మనము పడిన బాకీ యది. బాకీ తీర్చువాడు దాతనని చెప్పుకొనడు, ఆలస్యమైనందుకు సిగ్గుపడును.