కదలిక ఆత్మకు గుర్తా?

శరీరం మేలు వైపు నడుస్తుంది, కీడు నుంచి తప్పుకుంటుంది. రథం నడకను బట్టి సారథి ఉన్నాడని తెలిసినట్టే, ఈ నడకను బట్టి లోపల ప్రయత్నం చేసే ఆత్మ ఉందని వైశేషిక ఆచార్యుడు ప్రశస్తపాదుడు అనుమాన ప్రమాణంతో నిరూపించబోయాడు. కొత్తగూడెం గని కార్మికుడికి ఈ తర్కం కొత్త కాదు. పాత భూగర్భ గనుల్లో బొగ్గు టబ్బు తనంతట తాను పైకి రాదు. దాన్ని హాలేజీ తాడు లాగాలి, ఆ తాడును ఇంజను తిప్పాలి, ఇంజనును మనిషి నడపాలి. అయితే కిన్నెరసాని ఒడ్డున నీటిలో నానిన ఆకుల మీద పాకే అమీబా దగ్గర ఈ వాదం చిక్కులో పడుతుంది. అక్కడ తాడూ, టబ్బూ, ఇంజనూ అన్నీ ఒకే పదార్థం.

అమీబాకు కండరం లేదు, నాడి లేదు. పాకే కణాల్లో ముందు అంచున యాక్టిన్ అనే ప్రోటీన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. వేడి వల్ల కణత్వచం ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. అది కాస్త ముందుకు జరిగిన క్షణంలో ఖాళీలో ఒక రేణువు చేరి, పోగు సుమారు 2.7 నానోమీటర్లు పెరుగుతుంది. త్వచం ఇక వెనక్కి రాలేదు. ఒక్క పోగు తోపు కొన్ని పీకోన్యూటన్లే అయినా, వందల పోగులు అల్లుకుంటే అంచు ముందుకు సాగుతుంది. వెనుక భాగంలో మయోసిన్ అనే మరో ప్రోటీన్ ఆ పోగులను లాగి కణాన్ని బిగిస్తుంది. ఆ ఒత్తిడికి లోపలి ద్రవం ముందుకు పారుతుంది. ముందు పట్టు దొరకాలి, వెనుక పట్టు వదలాలి. అయితే ఇరుకు సందుల్లో మన తెల్ల రక్తకణాలు అతుక్కోకుండానే గోడలను ఒత్తుకుంటూ పోగలవు. ఇంత చిన్న కొలతలో జడత్వానికి విలువ లేదు, బలం ఆగిన వెంటనే కదలికా ఆగుతుంది. అందుకే ఇంధనం నిరంతరం ఖర్చు కావాలి. ఆ ఇంధనం ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని గుర్తించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.

తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కర్మను, అంటే చలనాన్ని, ఐదు విధాలుగా విభజించాడు: ఉత్క్షేపణం, అపక్షేపణం, ఆకుంచనం, ప్రసారణం, గమనం. మొదటి నాలుగింటిలో చేరని చలనమంతా గమనమే. అమీబాలో మాత్రం గమనం వేరుగా లేదు. ముందు ప్రసారణం (చాచడం), వెనుక ఆకుంచనం (ముడుచుకోవడం) కలిస్తే వచ్చేదే గమనం.

ప్రశస్తపాదుడి వాదానికి ఇంకా గట్టి సవాలు చేప పొలుసుల కణాల నుంచి వచ్చింది. వాటి నుంచి విడివడిన, కేంద్రకం లేని ముక్కలు కొన్ని గుండ్రంగా కదలకుండా ఉంటాయి. ద్రవధారతో ఒక పక్క నుంచి తోస్తే పాకడం మొదలుపెట్టి, తోపు ఆగాక కూడా అదే దిక్కుకు సాగుతాయని 1999లో చూపించారు. సారథి ఎక్కడ?

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల దగ్గర దీనికి జవాబుంది. నిద్రలో శ్వాస ఆడించే, కోరికతో పని లేని ప్రయత్నాన్ని వాళ్లు జీవనయోని అన్నారు. అది లోతైన ఆలోచనే. కానీ తునక కూడా పాకుతున్నప్పుడు, ముక్కలు కాని ఆత్మను ఏ తునకకు ముడిపెట్టాలి? తెల్లకణం సూక్ష్మజీవి వైపు మళ్లడానికీ దాని త్వచం మీది గ్రాహకాలు కారణం చూపిస్తాయి. కాబట్టి హితాహితాల వైపు కదలిక ఒక్కటే ఆత్మకు సాక్ష్యం కాలేదు. వైశేషిక సూత్రకారుడు కణాదుడు ఆత్మ లింగాల (గుర్తుల) జాబితాలో సుఖాన్ని, దుఃఖాన్ని, ఇచ్ఛను కూడా చేర్చాడు. యాక్టిన్, మయోసిన్ లెక్కలు వాటిని తాకలేదు. వాదం కొనసాగాల్సింది వాటి మీదే.