తంగేటి పూవు - అర్పణధర్మము

భక్తితో అర్పించిన పూవు ఎంత అల్పమైనను స్వీకరింతునని భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున గీతాచార్యుడు అభయమిచ్చెను. ఆ మాట తలచినపుడు గృహస్థునకు ఒక సందేహము కలుగవచ్చును. మనము విత్తని, కడవెడు నీరైనను పోయని మొక్కనుండి పూవు కోసి దేవునికి సమర్పించినపుడు, అందు మనమిచ్చినది ఏమి?

ఈ ప్రశ్నకు తంగేడు తగిన ఉదాహరణము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల మెట్టనేలలలోను, గుట్టల వాలులలోను తనంత తాను పెరుగు పొద ఇది. దీని బెరడు తోళ్లను పదును చేయుటకును, ఆకు వరిమళ్లకు పచ్చిరొట్ట ఎరువుగను, పుల్ల పండ్లు తోముకొనుటకును ఉపయోగపడినవి. భాద్రపద అమావాస్య నాడు బతుకమ్మ పండుగ ఆరంభమగునప్పటికి ఐదు రేకుల పసిడి పూవులు గుత్తులు గుత్తులుగా పూచియుండును. గునుగు, బంతి పూవులతో కూడ ఆడపడుచులు వానిని తాంబాళమున పేర్తురు. 2014లో ఏర్పడిన తెలంగాణకు రాష్ట్రపుష్పము ఇదియే.

తొండమాన్ చక్రవర్తి కథ భక్తులెరిగినదే. ఆ రాజు శ్రీవేంకటేశ్వరుని బంగారు పూవులతో అర్చించుచుండగా, ఒకనాడు వానిపై మట్టిపూవులు కానవచ్చెను. అవి భీముడను కుమ్మరి, కుండలు చేయగా మిగిలిన మన్నుతో మలచి తన ఇంట స్వామికి అర్పించినవి. బంగారమును రాజు సృష్టింపలేదు; మన్నును కుమ్మరి సృష్టింపలేదు. ఇరువురును స్వామి సొత్తునే స్వామికి ఇచ్చిరి. అయినను రాజునకు 'నేనిచ్చితిని' అను తలపు మిగిలినది. కుమ్మరికి ఆ తలపే లేదు. కావున అర్పణలో మనదనదగినది వస్తువు కాదు, దానిని సమర్పించు మనస్సును, సంపాదించిన తీరును మాత్రమే.

ఆ తీరును గూర్చి నేడు విశేషముగా ఆలోచింపవలసియున్నది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మెట్టలెన్నో మాగాణులైనవి. అది అన్నము పెట్టిన మేలు, దానిని నిందింపరాదు. కాని వరి పండు మడిలో తంగేటికి తావు లేదు. గట్లపైనను, రాతినేలలందును, బాటల అంచులందును మిగిలిన పొదలకే పండుగనాడు పదిమంది చేతులు సాగును. తొందరలో కొందరు కొమ్మలకు కొమ్మలే విరుతురు. 'ఎవరిదియు కాని పొద, అందును దేవుని కొరకు, తప్పేమి?' అని సమాధానము చెప్పుకొందురు.

ఎవరును పెంచనిది ఎవరిదియు కానిది కాజాలదు. ఆ పూవులో పుప్పొడికై వచ్చు తేనెటీగకు పాలు కలదు. రాబోవు ఏడు పూవు కోయవలసిన బాలికకును పాలు కలదు. పూవులన్నియు పోయిన కాయ నిలువదు. కాయ లేనిదే విత్తు లేదు. భగవంతునికి ప్రీతియైన ఎనిమిది భావపుష్పములలో మొదటిది అహింస యని పెద్దలు చెప్పుదురు. ఆ మొదటి పూవును త్రుంచివైచి, తాంబాళము నిండ తంగేటిపూవు పేర్చిన పూజకు నిండుదనము వచ్చునా?

కనుక కొమ్మ విరువక, గుత్తులు మాత్రమే కోయవలెను. ప్రతి పొదపైన కొన్నింటిని విడువవలెను. తల్లి పూవు కోయుట నేర్పునపుడే విడుచుటయు బిడ్డకు నేర్పవలెను. గట్టుపై పొదను నరుకబోవు రైతు ఒక్కదానినైనను ఉంచిన అదియు కైంకర్యమే.

వాడపల్లిలోను, మట్టపల్లిలోను కృష్ణాతీరమున వెలసిన లక్ష్మీనరసింహస్వామి సన్నిధికి పోవు యాత్రికునకు బాటప్రక్కన పూచిన తంగేడు కనిపించిన, చేయి చాపకమునుపు ఒక్క క్షణము నిలిచి చూడవలెను. కోసిన పూవు ఆ సాయంకాలమునకే వాడును. విడిచిన పూవు కాయయై, విత్తై, వచ్చు ఏటి పూజకు పూవులనిచ్చును. మొదటి ప్రశ్నకు ఉత్తరము ఇచ్చటనే లభించును: మనము విత్తని పూవును అర్పించునపుడు మనదిగా ఇవ్వగలిగినది మన నిగ్రహము. దానిని స్వామి తప్పక స్వీకరించును.