నశించకుండానే నష్టం

శక్తి నశించదు, రూపం మాత్రమే మారుతుందన్న ఉష్ణగతిక శాస్త్ర మొదటి నియమాన్ని ఆత్మ నిత్యత్వానికి సాక్ష్యంగా ప్రవచనాల్లో వాడుతుంటారు. ఆ వాదన, రూపం మారే కొద్దీ శక్తికి పని చేయగల యోగ్యత తగ్గుతుందనే రెండో నియమం దగ్గర తడబడుతుంది. కరెంటు గీజర్‌నే తీసుకుందాం. లోపలికి వెళ్లిన విద్యుత్తు దాదాపు అంతా నీటిలో వేడిగా చేరుతుంది. ఆ లెక్కన సామర్థ్యం ఇంచుమించు నూటికి నూరు. కానీ 30 డిగ్రీల పరిసరాల్లో 60 డిగ్రీలకు కాగిన ఆ నీటి నుంచి, ఎంత గొప్ప యంత్రంతోనైనా తిరిగి రాబట్టగల పని, ఆ వేడిలో 5 శాతం లోపే. శక్తి ఎక్కడికీ పోలేదు. పని చేయగల యోగ్యత పోయింది. 1956లో జోరాన్ రాంట్ ఈ యోగ్యతకు ఎక్సర్జీ అని పేరు పెట్టాడు. వేడి ఒక్కటే చాలదు, పని పుట్టాలంటే ఉష్ణోగ్రతల్లో తేడా ఉండాలని 1824లోనే సాది కార్నో చూపించాడు.

ఎక్సర్జీ పరిసరాలను బట్టి మారుతుంది కనుక అది మనిషి కల్పనే అనవచ్చు. నిజమే, అదే నీరు చలి ప్రదేశంలో ఎక్కువ పని ఇస్తుంది. కానీ ఆ తేడాను థర్మామీటర్ చెబుతుంది. అది మన ఇష్టాయిష్టాలకు లొంగదు. ఆత్మ భౌతిక వస్తువు కాదు, దానికి ఈ నియమాలు వర్తించవన్నది మరింత బలమైన అభ్యంతరం. ఒప్పుకోవలసిందే. అయితే మొదటి నియమమూ వర్తించదు. అనుకూలమైన సాక్షిని పిలిచి రెండోవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు. భౌతికశాస్త్రం నిజంగా నేర్పే నీతి వేరు: నిలిచి ఉండటం వేరు, విలువ కలిగి ఉండటం వేరు. ‘ఎక్కడికి పోతుందిలే’ అన్న ధీమాతో దుబారాను సమర్థించుకోలేం. ఒకసారి చెడిన యోగ్యత దానంతటదే తిరిగి రాదు కనుకే, దాన్ని ఎలా ఖర్చు చేస్తామన్నది ధర్మ ప్రశ్న అవుతుంది.