పట్టణ క్షేమము కొరకు



బబులోనుకు చెరపోయిన వారికి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరము ఆయన గ్రంథము 29వ అధ్యాయములో ఉన్నది. ఉన్నచోటనే ఇల్లు వాకిలి ఏర్పరచుకొని, ఆ ఊరి మేలు కొరకు దేవునికి మొరపెట్టవలెనని దాని సారాంశము. మన గంజాం వారు దీనిని సూరత్‌లో చదువుకొనునప్పుడు ఒక చిక్కు వచ్చును. అక్కడ ఇల్లు కట్టుకొనుటకు చోటేది?

ఆ నగరపు పవర్‌లూమ్ మగ్గముల దగ్గర గంజాం నుండి వెళ్లినవారు లక్షలలో ఉన్నారు. పన్నెండు గంటల పాళీ. కూలి నేసిన మీటర్ల లెక్క. మెస్సులో పగటివాడు లేచిన చోటనే రాత్రివాడు పండుకొనును. మగ్గముల మోతకు వినికిడి మందగించును. భార్యాబిడ్డలు, ఓటు అన్నియు ఊరిలోనే. పంపిన డబ్బుతో అస్కా, పొలసరా వైపు స్లాబు ఇండ్లు లేచినవి. వాటిలో ఉండువారు ముసలి తలిదండ్రులు.

ఇది మనకు క్రొత్త కాదు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూను పోయినవారి మనుమలు బరంపురములో ఇంకను ఉన్నారు. 1931 జనాభా లెక్కలలో రంగూను జనములో సగమునకు పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేయగా బర్మా కూలీలను పెట్టుకొనిరి. సమ్మె తీరగానే వారిని పంపివేసిరి. పేదవాడిమీదికి పేదవాడు లేచెను. మనవారనేకులు ప్రాణములు పోగొట్టుకొనిరి. 1942లో యుద్ధము వచ్చినప్పుడు మిగిలినవారిలో ఎందరో కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చిరి.

2020లో లాక్‌డౌను రాగా సూరత్ మగ్గములును ఆగెను, కూలియు ఆగెను. ఏప్రిల్ 10న కార్మికులు తమను ఊరికి పంపుమని వీధికెక్కిరి. మే మొదటి వారములో ప్రత్యేక రైళ్లు గంజాం చేరెను. కొద్ది నెలలకే మరల టికెట్టు కొన్నవారనేకులు. ఊరిలో పని లేదు; అక్కడ మగ్గము నడుపువాడు లేడు.

కనుక యజమాని లాభమునే పట్టణ క్షేమమని ప్రార్థించుట మాకు సమ్మతము కాదు. మెస్సులో పండుకొన్నవాడును పట్టణమే. పైగా బబులోను వారిని సైన్యము పట్టుకొనిపోయెను. మనవారిని అప్పు, కరవు తోలుకొనిపోయినవి.

పట్టణములలోని సంఘములకు మా మనవి: రాత్రి పాళీ దిగినవాడు ఆదివారము ఉదయారాధనకు రాలేడు. పాళీ మారు వేళకు మెస్సు దగ్గరనే అరగంట కూడుకొనుడి. ఒడియా సహోదరులుంటే ఒడియాలోనే ప్రార్థించుడి. బరంపురము వారికి రెండు భాషలును వచ్చును గదా. ఇక ఊరి సంఘములు, పోయినవారి పేరు, మెస్సు చిరునామా, పాళీ వేళ వ్రాసి అక్కడి కాపరికి ఈ నెలలోనే పంపుడి.