పక్క కుర్చీ ధర్మం

తీర్పు కింద సంతకం న్యాయమూర్తిది. అంతకుముందు రెండు వందల పేజీల కట్టను నాలుగు పేజీలకు కుదించి ఆయన ముందు పెట్టినవాళ్ళ పేరు ఎక్కడా కనపడదు. ఆ పని లా క్లర్కులది. కొత్తగా లా పాసైన పిల్లలు, ఏడాదో రెండేళ్ళో న్యాయమూర్తి దగ్గర ఉంటారు. కేసు చదివి సారాంశం రాస్తారు, పాత తీర్పులు వెతికి పెడతారు. వాళ్ళను ఎలా ఎంచుకోవాలన్నది పైకి ఉద్యోగాల గొడవ. నాకు మాత్రం అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. అందరినీ సమంగా చూస్తానని ప్రమాణం చేసిన మనిషి, తన పక్క కుర్చీలో కూర్చునేవారిని తన ఇష్టాన్ని బట్టి తెచ్చుకోవచ్చా?

నేను చిలకలూరిపేటలో ప్లీడరును. నా దగ్గరికొచ్చే వాళ్ళలో ఎక్కువమంది పత్తి, మిరప వేసేవాళ్ళే. విత్తనాల కేసు కట్ట ఒకటి విప్పితే ఏముంటుందో చెబుతాను. పైన వకాల్తా, ఫిర్యాదు. దాని కింద దుకాణం బిల్లు, జేబులో నలిగి నలిగి అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటుంది. తర్వాత అడంగల్ నకలు. కౌలు రైతైతే అందులో పేరు భూమి గలవాడిది, అప్పు మాత్రం ఇతనిది. వ్యవసాయాధికారి పొలం చూసి రాసిన కాగితం: మొక్క ఏపుగా పెరిగింది, కాయ పట్టలేదు. అట్టడుగున కంపెనీ కౌంటరు: విత్తనాల నమూనా ల్యాబుకు వెళ్ళలేదు గనక లోపం రుజువు కాలేదు.

ఈ కట్టకు సారాంశం రాసే కుర్రాడు ‘ఫిర్యాదుదారు నమూనా దాఖలు చేయలేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, అది అబద్ధం కాదు. కానీ కొన్న గింజ కొన్నట్టు నేలలో వేసేశాడు కాబట్టే నమూనా మిగల్లేదన్న సంగతి దాని పక్కన లేకపోతే కేసు అక్కడితో సరి. 2012 జనవరి 16న నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. అది మన ఉమ్మడి రాష్ట్రపు రైతుల కేసు. పరీక్షకు పనికొస్తుందని రైతు కొంత విత్తనం దాచుకుంటాడని ఆశించలేమంది, వినియోగదారుల చట్టం కింద అతను పరిహారం అడగొచ్చంది. గుంటూరు యార్డులో వ్యాపారి బస్తా అంతా గుమ్మరించి చూడడు, మచ్చు చూసి ధర కడతాడు. సారాంశం కూడా మచ్చే. మచ్చు తీసే చెయ్యి ఎవరిదన్నది చిన్న విషయం ఎలా అవుతుంది?

అవతలి వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. బయటికి రాని తీర్పు చిత్తుప్రతి ఆ క్లర్కు చేతిలో ఉంటుంది. నోరు జారితే కొంపలు మునుగుతాయి. నమ్మకం లేనివాణ్ణి గదిలో ఎలా కూర్చోబెట్టుకుంటారు? పైగా గురువు శిష్యుణ్ణి తానే ఎంచుకోవడం మన సంప్రదాయం. ఛాందోగ్య ఉపనిషత్తులో సత్యకాముడు తన గోత్రమేమిటో తెలియదని, తల్లి చెప్పిన మాటను ఉన్నదున్నట్టు చెబితే, గౌతముడు ఆ నిజాయితీని చూసే చేర్చుకున్నాడు. అక్కడ పరీక్ష లేదు, ప్రకటన లేదు. ఒక పెద్దమనిషి చూపు ఉంది, అది చాలింది. అయితే ఆ కథలో గౌతముడు అడిగిన మొదటి ప్రశ్న కూడా గోత్రమే. ఆ ప్రశ్నను దాటి చూడగలిగిన గురువు దొరకడం సత్యకాముడి అదృష్టం. ధర్మపీఠాన్ని అదృష్టం మీద నిలబెట్టకూడదు.

పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చిన మితాక్షర, యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య. సభలో కూర్చునేవాళ్ళు శత్రువునూ మిత్రుణ్ణీ ఒకేలా చూడాలంటుంది ఆ స్మృతి. రాగం వల్లనో లోభం వల్లనో భయం వల్లనో దారి తప్పితే, ఓడినవాడికి వేసే దండుగకు రెట్టింపు ఒక్కొక్కరి దగ్గరా వసూలు చేయమంటుంది. గొప్ప మాట. కానీ రాజు విద్వాంసులైన బ్రాహ్మణులతో కలిసి వ్యవహారాలు చూడాలన్నది కూడా ఆ స్మృతే. లోపల సమదృష్టి, గుమ్మం మాత్రం ఇరుకు. మన కోర్టులకు ఈ రోజుకూ వదలని జబ్బు ఇదేనని నా అభిప్రాయం.

గుమ్మం సంగతి ఇంకా బాగా ఆలోచించింది బౌద్ధులు. మన హైకోర్టు 2019లో నేలపాడుకు వచ్చింది. అదే కృష్ణ ఒడ్డున పైకి వెళితే అమరావతి స్తూపం. ఆ బౌద్ధుల పాళీ వినయ పిటకంలో ఒక నియమం ఉంది. భిక్షువులకు పడకలు కేటాయించేవాడైనా, చీవరాలు పంచేవాడైనా, సామాన్ల గది చూసేవాడైనా, ఇష్టం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగు పెడదారుల్లో నడవనివాడై ఉండాలి. ఆ మనిషి పేరు సంఘం మధ్యలో పైకి చెప్పాలి. ఒప్పుకున్నవాళ్ళు మౌనంగా ఉంటారు, కాదన్నవాళ్ళు మాట్లాడతారు. పడకలు పంచడానికే ఇంత జాగ్రత్త! సంఘానికి తెలియకుండా పెద్ద భిక్షువు తనకు నచ్చినవాడికి తాళంచెవి ఇవ్వడానికి వీల్లేదు.

అమెరికాలో ఈ నాలుగు దారుల్లో రెండు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది ఇష్టం. అక్కడి సుప్రీంకోర్టులో లా క్లర్కు కొలువు 1882లో మొదలైంది. హొరేస్ గ్రే అనే న్యాయమూర్తి సొంత జేబులోంచి జీతమిచ్చి ఒక హార్వర్డ్ పట్టభద్రుణ్ణి పెట్టుకున్నాడు. మనిషిని చూసి పంపింది హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే గ్రే సవతి తమ్ముడే. ఆ ఇంటివాసన ఇంకా పోలేదు. ఇప్పుడక్కడ ఆ ఏడాది కొలువు జీవితాంతం తలుపులు తెరుస్తుంది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒకప్పుడు రెన్‌క్విస్ట్ అనే న్యాయమూర్తి దగ్గర క్లర్కు. తెలుగు కుటుంబంలో పుట్టిన ఉషా చిలుకూరి వాన్స్ ఆ రాబర్ట్స్ దగ్గరే పనిచేశారు. ఇక ద్వేషం సంగతి. గాజా యుద్ధం మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో నిరసనలు జరిగాక, 2024 మేలో 13 మంది ఫెడరల్ న్యాయమూర్తులు, ఆ ఏడాది నుంచి అక్కడ చేరేవాళ్ళెవరినీ క్లర్కులుగా తీసుకోబోమని ప్రకటించారు. ఇంకా తరగతి గదిలో అడుగుపెట్టని పిల్లలకు శిక్ష! ఒకరి కర్మ, ఫలం ఇంకొకరికి. సంస్థ మీద కోపం ఉండొచ్చు. ముఖం చూడని మనిషి మీద ముందే తీర్పు రాసేసినవాళ్ళు రేపు బోనులో నిలబడ్డవాణ్ణి ఎలా చూస్తారు?

మన సుప్రీంకోర్టు కొంత మేలు చేసింది. 2024 పథకంలో క్లర్కులకు రాత పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ, నెలకు 80,000 రూపాయలు అని పెట్టింది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పరీక్ష పేదవాడికి పూర్తి న్యాయం చేయదని తెలుసు. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్లాడిదే పైచేయి. అయినా జవాబు పత్రం నీ మేనమామ ఎవరని అడగదు. కొన్ని హైకోర్టుల్లో ఇప్పటికీ ఇంటర్వ్యూ ఒక్కటే గీటురాయి. ఇక 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని చెబుతూ, లా క్లర్కుగా చేసిన కాలాన్నీ అందులో కలపమంది. అంటే ఈ రోజు పక్క కుర్చీ రేపటి పీఠానికి మెట్టు. మెట్టు దగ్గర పక్షపాతం చేస్తే పీఠం దాకా పాకుతుంది.

నా దగ్గర జూనియర్‌గా చేసే అమ్మాయి పర్చూరు వైపు నుంచి వస్తుంది. నాన్న కౌలుకు మిరప వేస్తాడు. నాగార్జున యూనివర్సిటీలో చదివింది. ఇందాక చెప్పిన కట్ట లాంటిది ఇస్తే, అడంగల్లో పేరు చూసి ‘ఈయన కౌల్దారు కదండీ, కౌలు కాగితం ఏదీ?’ అని మొదట అడిగే పిల్ల. ఇలాంటి కొలువుకే ఒకచోట ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చింది. ఎక్కడో చెప్పను.

“ఏమడిగారమ్మా?”

“చట్టం గురించి పెద్దగా ఏం అడగలేదు సార్. ఇంట్లో ఇంకెవరన్నా లాయర్లున్నారా, ఎవరు పంపారు అన్నారు.”

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. వాళ్ళు వెతికింది నమ్మకాన్నే. కానీ తెలిసినవాళ్ళ ఇంట్లోనే నమ్మకం దొరుకుతుందనుకోవడం, వినయ పిటకం చెప్పిన నాలుగింటిలో మూడోది, మోహం. నాన్నకు నష్టం తెచ్చిన విత్తనాల బిల్లును ఏళ్ళ తరబడి పదిలంగా దాచిన ఇంట్లో పుట్టిన పిల్లకు రహస్యం కాపాడటం చేతకాదా?

భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు భరిణెల మీద, క్రీస్తుకు పూర్వపు లిపిలో, గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. పని చేసినవాళ్ళ పేర్లు అందరూ ఎరగాలన్న మర్యాద ఈ నేలకు కొత్త కాదు. నేను కోరేదీ పెద్దదేం కాదు. ప్రతి హైకోర్టూ రాత పరీక్ష పెట్టాలి. పేర్లు కనపడని జవాబు పత్రాలు దిద్దించి జాబితా తీయాలి. ఆ జాబితాలోంచి తనకు నమ్మకం కుదిరినవారిని న్యాయమూర్తి ఎంచుకోనివ్వండి, ఆ హక్కు ఆయనకు ఉండాల్సిందే. ఎంపికైనవాళ్ళకు కోర్టులో చుట్టరికం ఎవరితోనైనా ఉంటే ముందే రాసివ్వాలి. ఎవరు ఎవరి దగ్గర, ఎంతకాలం చేశారో ఏటా ప్రకటించాలి. ఈ నాలుగు మాటలూ తీర్మానంగా రాసి మా బార్ అసోసియేషన్ ముందు పెడుతున్నాను. కాదనేవాళ్ళు లేచి మాట్లాడాలి.