పరదేశి నేర్చిన మాట



మన పూతలపట్టుకు పడమటనున్న మదనపల్లెలో డాక్టరు జేకబ్ చేంబర్లేన్ అను మిషనెరీ చాలాకాలము సేవచేసి, 1908లో అక్కడనే ప్రభువునందు నిద్రించెను. ఆయన 1860లో అమెరికానుండి మద్రాసు రేవున దిగినప్పుడు సుమారు ఇరువదియైదేండ్ల యువకుడు. వైద్యము వచ్చును గాని మన భాష రాదు. గనుక చదువుకొన్న ఆ వైద్యుడు పసిబిడ్డవలె అక్షరములు దిద్దుకొనెను.

1863లో నైజాము రాజ్యములోని ఒక ఊర జనులు రాళ్లు పట్టుకొని ఆయనను చుట్టుముట్టిరి. ముందు ఒక కథ వినుడని, తరువాత కొట్టవచ్చునని ఆయన వేడుకొని, వారి తెలుగులోనే సిలువ వృత్తాంతము చెప్పెను. వారు రాళ్లు పారవేసి సువార్త ప్రతులు కొనిరని ఆయనే వ్రాసెను.

ఆనాడు కాపాడినది దేవుని కృపయే. అయితే ఆ కృపకు పనిముట్టయినది అనుదినము విసుగక నేర్చిన మాట.

మన బిడ్డలు బెంగళూరికో కువైటుకో పోవునప్పుడు పచ్చడి జాడీ కట్టి యిత్తుము. అక్కడివారి భాషను ప్రేమతో నేర్చుకొనుమని కూడ చెప్పి పంపుదమా? మన వీధిలో తమిళము మాటలాడు పొరుగువారిని వారి మాటలో క్షేమమడుగుదమా? పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన స్వభాషలోనే వినెను గదా.

ప్రభువు మన నాలుకలను దీవించును గాక. ఆమేన్.