చిన్న చిత్రం: సాధనా, ఫలమా?

చిత్రకళ నేర్చుకునేవారు పోస్టుకార్డంత కాగితం మీద చేసే ప్రయోగానికి స్వతహాగా విలువ ఉందా, లేక అది ముందుముందు వేయబోయే పెద్ద చిత్రానికి మెట్టు మాత్రమేనా? కర్మ విలువ ఫలంలో ఉందా, చేసే తీరులో ఉందా అన్న పాత తత్త్వచర్చలో ఇదీ ఒక భాగమే.

పోలికకు వీణల తయారీని చూద్దాం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు ఒకే పనసదుంగను తొలిచి కుండ, దండి విడదీయకుండా ఏకాండి వీణ చేస్తారు. తొలిచిన చెక్క తిరిగి అతకదు కనుక ప్రతి ఉలిదెబ్బా ముందే తెలిసి వేయవలసిందే. బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలూ అక్కడే తయారవుతాయి. వాటి రూపమూ ముందే స్థిరపడి ఉంటుంది. విద్యార్థి వేసే చిన్న చిత్రం ఈ రెండు రకాలకూ చెందదు. అందులో రూపం ఇంకా తేలలేదు, తేల్చుకోవడానికే ఆ ప్రయత్నం. 22×30 అంగుళాల షీటును కోస్తే పోస్టుకార్డు సైజు ముక్కలు 30 వస్తాయి. ఒక్క షీటు ఖర్చుతో ముప్పైసార్లు తప్పుచేసి దిద్దుకోవచ్చు.

ఏం ప్రయత్నించాలన్నదానికి సంప్రదాయంలోనే దారి ఉంది. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్య చిత్రానికి ఆరు అంగాలు చెప్పింది: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. పెద్ద చిత్రంలో ఆరూ ఒక్కసారే కుదరాలి. చిన్న కాగితం మీద ఒక్కొక్కదాన్నే పట్టి చూడవచ్చు. బొబ్బిలి కోట గుమ్మం మీది పొద్దుటి ఎండను ఒక ముక్క మీద, మిట్టమధ్యాహ్నపు ఎండను మరో ముక్క మీద వేస్తే అది వర్ణికాభంగ సాధన. అదే గుమ్మం ఎత్తునూ వెడల్పునూ పెన్సిలుతో పోల్చి గీస్తే ప్రమాణ సాధన.

ఇలాంటి ముక్కను ఎవరూ కొనరు, ప్రదర్శనలో వేలాడదీయరు. ఫలం మీద ఆశ పెట్టుకోవడానికి అందులో చోటే తక్కువ. గీత బోధించిన నిష్కామకర్మకు ఇది సహజమైన అభ్యాసం. అయితే ఫలం పట్టనప్పుడు పని అలసత్వానికి దిగదా అన్న ఆక్షేపణ వస్తుంది. దానికి సమాధానమూ గీతలోనే ఉంది. ఫలాసక్తిని విడవమన్న ఆ గ్రంథమే కర్మలో నేర్పును యోగమంది. శ్రద్ధ లేకుండా చేసినది అసత్తని 17వ అధ్యాయం చివర తేల్చింది. విడవవలసింది ఆశను, శ్రద్ధను కాదు. కాగితం చవకని కుంచెను అశ్రద్ధగా ఆడిస్తే ముప్పై ముక్కలూ వ్యర్థమే.

చిన్న చిత్రం మెట్టు మాత్రమే అయితే, పైకెక్కినవారికి దానితో పని ఉండకూడదు. కానీ శాంతినికేతన్‌లో ఆచార్యుడైన చిత్రకారుడు నందలాల్ బోస్ పేరు పొందాక కూడా పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి శిష్యులకూ ఆత్మీయులకూ పంపేవారు. ఒకరి సాధన మరొకరికి అందడమూ ఉంది: బొబ్బిలిలో 1919లో పుట్టిన చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు మద్రాసులో కళాకారుడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని, విజయనగరంలో ఎందరికో చిత్రకళ నేర్పారు. నేర్చినది గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి ఇలా సాగుతుంటే, సాధన ఎక్కడ ముగిసి ఫలం ఎక్కడ మొదలైందో గీత గీయలేం.

కాబట్టి శ్రద్ధతో వేసిన చిన్న చిత్రం సాధనగానూ చిత్రంగానూ ఒకేసారి నిలుస్తుంది. కుదరని ముక్కను కూడా వెనుక తేదీ రాసి దాచుకోవడం ఈ దృష్టికి తగిన పద్ధతి. ఆ రోజు కన్ను ఎంతవరకు చూడగలిగిందో దాని మీద నమోదై ఉంటుంది.